తెల్లగుట్ట కాలివేళ్లు

పెట్టెలు విప్పి బల్లమీద పరిచినప్పుడు సార్జెంట్ ఖంగెల్వా వాటిని రాళ్లే అనుకుంది. చింతగింజలంత కొన్ని, గోలీలంత కొన్ని. బూడిద కలిసిన పచ్చరంగు. ఒక్కోదాన్నీ టాయిలెట్ కాగితంలో చుట్టి, పదకొండు బూట్ల పెట్టెల్లో వరసగా పేర్చారు. పొద్దున హైవే మీద ఒక అద్దెకారును ఆపి వెతికితే దొరికాయవి.

"వీటికోసమా ఇద్దరు మగాళ్లు జైలుకెళ్లేది?" అంది.

"చేత్తో పట్టుకుని చూడు. మొక్కలవి. ఇక్కడోళ్లు కాలివేళ్లంటారు," అన్నాడు కెప్టెన్. "సముద్రాల అవతల వీటిని కిటికీలో పెట్టుకుని మురిసిపోయే జనం ఉన్నారట. ఎందుకని నన్నడక్కు."

ఖంగెల్వా ఒకదాన్ని అరచేతిలోకి తీసుకుంది. చల్లగా, మెత్తగా ఉంది. రెండాకులు ఒకటిగా అతుక్కుపోయి, నెత్తిన మాత్రం సన్నటి చీలిక. ఏడాది పిల్ల కాలి బొటనవేలు సరిగ్గా ఇలాగే ఉంటుంది. ఆమె దాన్ని గబుక్కున బల్లమీద పెట్టేసి, చెయ్యి యూనిఫారానికి తుడుచుకుంది.

ఆమె కూతురు యోండెలాకు ఇప్పుడు పదేళ్లు. దేశానికి ఆ చివర, లుసికిసికి కొండల్లో, ఏడాది పిల్లగా ఉండగా తల్లి పోలీసు ట్రైనింగుకు వెళ్లినప్పటినుంచీ, పెద్దమ్మ దగ్గరే పెరుగుతోంది. ఖంగెల్వాను ఈ బిట్టర్‌పుట్స్ ఊరికి వేసి మూడేళ్లయింది. ఏటేటా బదిలీకి అర్జీ పెడుతూనే ఉంది, అది పోయిన దారినే తిరిగొస్తోంది. ఆమె పుట్టిన చోట కొండలు పచ్చగా సముద్రం దాకా దిగుతాయి. బట్టలు ఆరడానికి మూడు రోజులు పడుతుంది. ఇక్కడ తడిబట్ట తీగమీద వేసి వెనక్కి తిరిగేలోపు అట్టముక్కై కూచుంటుంది. ఈ మూడేళ్లలో గట్టి వాన అని చెప్పుకోదగ్గది ఆమె నాలుగుసార్లు చూసింది.

పట్టుబడ్డ మొక్కల్ని కేప్ టౌన్ దగ్గరున్న ఒక పరిశోధన తోటకు పంపడం మామూలు. ఆ తోటవాళ్లు ఫోన్లోనే చేతులెత్తేశారు. ఇప్పటికే వేలకు వేలు వచ్చిపడి ఉన్నాయి, అడుగు పెట్టే చోటు లేదు, కేసు తేలేదాకా మీ దగ్గరే ఉంచండి అన్నారు. సాక్ష్యాల గది తాళం ఖంగెల్వాది. కాబట్టి రెండు వందల పన్నెండు కాలివేళ్లూ, వాటితోపాటు దొరికిన లావుపాటి కాండం ఉండే వెన్నచెట్టు పిల్లలు ఓ పాతికా ఆమె నెత్తిన పడ్డాయి.

"చచ్చిన సాక్ష్యం జడ్జి ముందు పెడితే మన మొహాన ఉమ్మేస్తాడు," అన్నాడు కెప్టెన్. "బతికించే పూచీ నీది."

ఆమె మనసు పెట్టే చేసింది. ఖాళీ పెరుగు డబ్బాలు పోగుచేసింది. దుకాణంలో దొరికే నల్లటి ఎరువుమట్టి బస్తా తెచ్చి డబ్బాలు నింపింది. రోజూ పొద్దున్నే, సాయంత్రం ఇంటికెళ్లే ముందు ఒకసారి, చెంబుతో నీళ్లు పోసింది. ఆమె పుట్టిన ఊళ్లో గడపలో మొక్క వాడిందంటే ఆ ఇంటి ఆడదాన్ని నలుగురూ నాలుగు మాటలంటారు.

నవంబరు గడిచి ఎండలు ముదిరేసరికి మొక్కలు తేడాగా కనబడసాగాయి. కొన్ని పసుపురంగుకు తిరిగి, లోపలి నీరు బయటికి కనబడేలా పలచబడ్డాయి. వేలు తగిలితే చాలు, పుండులా చితికిపోయేవి. కొన్ని ముడతలు పడి, మీద కాగితం పొరలాంటిది కట్టి కుంచించుకుపోయాయి. దాహమేమోనని వాటికి ఇంకో చెంబు పోసింది. వెన్నచెట్టు పిల్లల ఆకులు ఒక్కొక్కటే పసుపెక్కి రాలిపోయి మోడులు మిగిలాయి. గదిలో వెలుతురు లేకనేమోనని ఒక పళ్లెం తీసుకెళ్లి పెరట్లో ఎండలో పెట్టింది. సాయంత్రానికి వాటి నెత్తిన తెల్లటి మచ్చలు. మర్నాటికి అవి కాలిన రొట్టె రంగుకు వచ్చాయి.

గది ఊడవడానికి వచ్చిన మీతా చీపురు గోడకానించి కాసేపు అలా చూసింది. అరవై దాటిన మనిషి, నోరు ఊరుకోదు.

"దొంగలే నయం సార్జెంట్. కాగితంలో చుట్టి పడుకోబెట్టారు. నువ్వు ముంచి చంపుతున్నావు."

"నాకేం తెలుసు తాన్ని! పోలీసు ట్రైనింగులో మొక్కలు నేర్పుతారా?" ఖంగెల్వా మోచేత్తో కళ్లు ఒత్తుకుంది. ఊళ్లో పెద్ద ఆడవాళ్లను తాన్ని అనీ, పెద్ద మగవాళ్లను ఊమ్ అనీ పిలవడం ఆమెకు అలవాటైపోయింది.

"ఏడవకు. అది కూడా నీళ్లే, వాటిమీద పడగలదు. మా మామ సాగ్రీస్ అని ఉన్నాడు. ముప్పయ్యేళ్లు తెల్లగుట్ట మీద మేకలు కాశాడు. ఇవి అక్కడివే అయ్యుండాలి. మంగళవారం తీసుకొస్తాను."

మంగళవారం ఊమ్ సాగ్రీస్ వచ్చాడు. డెబ్బై ఎనిమిదేళ్లు, ఎండిన కొమ్మలాంటి మనిషి, రెండు మోకాళ్లకీ గుడ్డ చుట్టుకుని కర్ర ఊతంతో నడుస్తున్నాడు. గుమ్మంలో ఆగి టోపీ తీశాడు. బల్లలమీద ఆ పెరుగు డబ్బాలు చూడగానే కర్ర చేతిలో పెట్టుకునే నిలబడిపోయాడు. ఆ తరవాత దగ్గరికెళ్లి ఒకదాని మీదికి వంగి, పెదాలు కదిపి ఏదో గొణిగాడు.

"చచ్చిపోయినట్టేనా ఊమ్?" అంది ఖంగెల్వా.

"నువ్వు నిద్రలో ఉండగా ఎవరైనా నోట్లో నీళ్లు పోస్తే ఏమవుద్ది?"

"పొలమారుద్ది."

"అదే అయింది. ఇవి ఎండాకాలం నిద్రపోతాయి తల్లీ. ఇదిగో, ఈ కాగితం పొర చూశావా? జబ్బు కాదు, దుప్పటి. పాత ఆకు తన నీరంతా లోపలి పిల్ల ఆకుకి తాగించి, తను ఎండి దానిమీద కప్పుకుంటుంది. వాన పడ్డప్పుడు పిల్ల ఆకు దుప్పటి చించుకుని లేస్తుంది. నువ్వేమో దుప్పటి తడిపావు."

"మరి ఆకులు రాలిపోయినవి?"

"వెన్నచెట్టా? ఎండాకాలం అది ఆకు ఉంచుకుంటే నేనే ఆశ్చర్యపోతాను. కాండం నొక్కి చూడు. గట్టిగా ఉందా? అయితే బతికే ఉంది."

ఆ రోజు ఆయన పొద్దుగుంకేదాకా కుర్చీలోంచి లేవలేదు. ఒక్కో డబ్బా చేతికివ్వమన్నాడు, ఆకు నొక్కి చూశాడు, వాసన చూశాడు. ముడతపడ్డ ఆకు కనబడితే ముందు దాహమా కుళ్లా తేల్చుకోవాలన్నాడు. రెండింటికీ పైకి మొహం ఒకటే, తేడా వేరులో ఉంటుంది. పెళ్లగించి చూస్తే వేరు తెల్లగా, దారంలా గట్టిగా ఉంటే దాహం. గోధుమరంగులో జారిపోతుంటే కుళ్లు. కుళ్లినదాన్ని పదునైన బ్లేడుతో మంచి కండ తగిలేదాకా కొయ్యమన్నాడు. కోసినదాన్ని నీడలో కాగితం మీద వారం రోజులు ఆరబెట్టి, గాయం మీద పొర కట్టాకే నాటాలట.

"ఇందులోనా?" అని ఎరువుమట్టిని వేళ్లతో నలిపి మొహం చిట్లించాడు. "ఇది గుమ్మడికాయలకి. వాగులో గరుకు ఇసక, తెల్లరాయి నలగ్గొట్టిన గుండ తీసుకురా. ఇవి పేదింటి పిల్లలు, పరమాన్నం పెడితే అరగదు."

"ఎండలో పెట్టినవి?"

"మచ్చ పోదు. ఎండదెబ్బ తిన్న ఆకు మళ్లీ బాగుపడదు. వచ్చే ఏడాది లోపల్నించి కొత్త ఆకు వచ్చినప్పుడే దాని మొహం మారేది. చీకట్లోంచి ఒక్కసారి ఎండలోకి లాగితే మనిషికైనా కళ్లు పోతాయిగదా. ఎండ వచ్చే ఉత్తరం కిటికీ దగ్గర పెట్టు, అద్దానికి పల్చటి గుడ్డ కట్టు. రోజుకి ఇంత, ఇంత, అలా అలవాటు చెయ్యి."

నలభై తొమ్మిది కాలివేళ్లను ఇక లాభం లేదని పక్కన పెట్టారు. నూట అరవై మూడు మిగిలాయి. ఊమ్ సాగ్రీస్ చెబుతుంటే ఖంగెల్వా ఒక నీలం అట్ట రిజిస్టరులో ప్రతి డబ్బాకూ నంబరు వేసి దాని బాధ రాసింది. ఆకు రంగు, ముడత, మచ్చ, వేరు ఏమంది, ఏం చేశారు. సాక్ష్యం కాబట్టి ఎలాగూ రాయాల్సిందే. కాని ఆమె రాయాల్సినదానికన్నా ఎక్కువే రాసింది.

అలా మంగళవారాలు మొదలయ్యాయి. మీతా టీ పెట్టి తెచ్చేది. ముసలాయన ఎండురొట్టెను టీలో ముంచుకు తింటూ, ఫలానా డబ్బా ఎలా ఉంది, ఫలానా డబ్బా పొర గట్టిపడిందా అని పేరుపేరునా అడిగేవాడు. చెయ్యాల్సింది పెద్దగా ఏమీ ఉండేది కాదు. ఆకులు ఊరికే ఉన్నాయి, నీళ్లు పొయ్యకూడదు. నీళ్లు పొయ్యకుండా ఉండటమే ఖంగెల్వాకు అన్నిటికన్నా కష్టమైంది. చెంబు ఎత్తి బీరువా మీద పెట్టించేశాడాయన.

"ప్రేముంటే చేతులు కట్టుకుని కూర్చో," అనేవాడు. "అందరికీ చేతకాదది."

జనవరిలో ఒక మంగళవారం ఆమె గదిలో ఉండగానే ఇంటినుంచి ఫోనొచ్చింది. యోండెలా పొద్దున గుడ్డు తినకుండా బడికి పోయిందని అక్క ఫిర్యాదు. ఖంగెల్వా కూతుర్ని గద్దించింది. పిల్ల ఎదురు నవ్వింది. "అమ్మా, నువ్వు మన మాట కూడా అక్కడోళ్లలాగే యాసగా మాట్లాడుతున్నావు. పెద్దమ్మా, విను విను, మళ్లీ అనమను!" అని కేరింతలు కొట్టి, ఆటకు వేళయిందని ఫోను పెట్టేసింది. ఒకప్పుడు ఆ పిల్ల ఫోను వదిలేది కాదు.

తిరిగి చూస్తే ఊమ్ సాగ్రీస్ కప్పు గాల్లోనే పట్టుకుని ఆమె నోటివంకే చూస్తున్నాడు.

"ఇంకోసారి అను."

"ఏమని?"

"ఇప్పుడన్నావే, సీసా మూత ఊడినట్టు నాలుక కొట్టి."

"గుడ్డు అన్నాను ఊమ్. మా భాషలో గుడ్డు."

"ఆ చప్పుడే," అన్నాడు. "మా అమ్మ నోట్లో ఆ చప్పుడుండేది. మాట వేరు, చప్పుడు అదే. మా అక్క పోయాక ఎనిమిదేళ్లుగా నాతో ఆ భాష మాట్లాడే మనిషి లేదు. మీతాకి రాదు. ఈ ఊళ్లో ఎవరికీ రాదు. ఉన్న మాటలన్నీ ఇదిగో, వీటికి అప్పజెబుతున్నాను." డబ్బాలవైపు చెయ్యి చూపించాడు. "ఏమీ అనుకోకపోతే ఇంకోసారి అను తల్లీ."

ఖంగెల్వా అంది. గుడ్డు అంది, తలుపు అంది, చప్పుడున్న మాటలు తలుచుకుని తలుచుకుని పది పదిహేను చెప్పింది. ముసలాయన కళ్లు మూసుకుని విన్నాడు. ఆ తరవాత ఆయన తన మాటలు రెండు చెప్పాడు. వాటికి అర్థం ఆమె అడగలేదు.

ఫిబ్రవరిలో పురుగు కనబడింది. డెబ్బయ్యో డబ్బాలో, ఆకుల చీలిక మధ్య, దూదిపింజ ఇరుక్కున్నట్టు తెల్లగా. దుమ్మేమోనని ఆమె ఊదింది. పోలేదు. ఊమ్ సాగ్రీస్ చూపు ఆనక, మీతా కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు.

"పిండిపురుగు. కొండమీద ఇది లేదు. నా జన్మలో అక్కడ చూళ్లేదు. ఇంట్లోదే. ఈ బిల్డింగులో ఇంకెక్కడన్నా కుండీ ఉందా?"

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కెప్టెన్ గదిలో ఆయన భార్య ఇచ్చిన ఎర్రపూల కుండీ ఒకటుంది. మీతా వెళ్లి, తుడిచే వంకన దాని ఆకు తిప్పి చూసొచ్చి, "పిండిమరలాగుంది," అంది. కెప్టెన్‌కు ఎవరు చెప్పాలన్నదానిమీద కాసేపు గొడవ పడ్డారు. చివరికి ఖంగెల్వాయే చెప్పింది. "అంటే మా ఆవిడ నేరస్థురాలా?" అని కెప్టెన్ కళ్లెర్రజేసి, మళ్లీ తనే నవ్వి, కుండీని ఇంటికి పంపేశాడు.

అగ్గిపుల్ల చివర దూది చుట్టి, స్పిరిట్లో ముంచి, ఒక్కో చీలికా తుడిచారు. ఇరవై రెండు డబ్బాల్లో దొరికింది. వారానికోసారి చొప్పున ఆరు వారాలు తుడిచారు. మట్టిలోని వేళ్లలో కూడా తెల్ల పొడి కనబడ్డ తొమ్మిదింటిని వేరే గదిలో పెట్టారు. ఏ డబ్బాలో ఎన్ని, ఏ తేదీన, మళ్లీ ఎప్పుడు కనబడింది, అంతా నీలం రిజిస్టరులో రెండు పేజీల నిండా ఎక్కింది.

ఏప్రిల్లో గాలి తిరిగింది. పొద్దున్నే సముద్రం వైపునుంచి మంచు రాసాగింది. ఊమ్ సాగ్రీస్ బీరువా మీది చెంబు దింపించాడు. "ఇప్పుడు పొయ్యి. పక్కలమ్మట, నెమ్మదిగా. వాన అనుకోవాలి అవి." పదిరోజుల్లో కాగితం పొరలు చిట్లి, లోపల్నించి నున్నటి పచ్చటి బుగ్గలు పైకొచ్చాయి. ఆ వెనకే చీలికల్లోంచి పూలు. గులాబీ, పసుపు, వెంట్రుకల్లాంటి రేకులతో, మొక్కకన్నా పువ్వే పెద్దది. సాక్ష్యాల గదిలో, తుప్పుపట్టిన తుపాకుల బీరువా ముందు, నూట నలభై దాకా ఒకేసారి పూశాయి. కానిస్టేబుళ్లు వచ్చి ఫోనుల్తో ఫొటోలు తీసుకున్నారు.

ముసలాయన మాత్రం సంతోషంగా లేడు.

"గుట్ట మీద ఇప్పుడు పూసుంటాయి," అన్నాడు. "తెల్లరాళ్ల మధ్య నడిస్తే కాలు పెట్టే చోటుండేది కాదు. ఉత్తరపు వాలుమీదివి పసుపు, దక్షిణపు వాలుమీదివి గులాబీ. మా అమ్మ నన్ను అక్కడే కన్నది, చాప గుడిసెలో. ఆ భూమి అమ్మేశాక, కంచె వేసి తాళం పెట్టారు. పదకొండేళ్ల కిందట కంచె దూరి ఒకసారి వెళ్లాను. ఆ తరవాత ఈ మోకాళ్లు." డబ్బా ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. "కేసు అయిపోయాక వీటిని మళ్లీ అక్కడ పెడతారుగా? నన్ను తీసుకెళ్తారా? ఏది ఏ రాతి పక్కదో నేను చెప్పగలను. నవ్వకు, నిజంగానే. ఆకుమీది చుక్కలు చూసి చెబుతాను."

"నవ్వడం లేదు ఊమ్. అడుగుతాను."

మే నెల మధ్యలో తీర్పొచ్చింది. ఇద్దరికీ మూడేళ్ల చొప్పున పడింది. మొక్కల్ని ఏం చెయ్యాలో చూడ్డానికి పరిశోధన తోటనుంచి లిజెల్ అనే శాస్త్రవేత్త గురువారం వస్తుందని కబురొచ్చింది.

గురువారం పొద్దున ఖంగెల్వా అందరికన్నా ముందు వచ్చింది. రిజిస్టరు తెరిచింది. పిండిపురుగు రాసిన రెండు పేజీల దగ్గర ఆగింది. ఇంటి పురుగు తగిలిన మొక్కను కొండకి పంపరని ఆమెకు ఎవరూ చెప్పలేదు, కాని ఆపాటికి ఆమెకు తెలియనిదేం కాదు. పురుగు ఇప్పుడు లేదు, నెలయింది కనబడి. ఆ రెండు కాగితాలూ లేకపోతే అడిగేవాళ్లుండరు. కుట్టు దగ్గర వేలు పెట్టి లాగి చూసింది, తేలిగ్గానే ఊడేట్టుంది. కొండంతా పాకితే? ఆ మాట మనసులోకి వచ్చాక చెయ్యి వెనక్కొచ్చేసింది. రిజిస్టరు మూసి బల్లమీద పెట్టి, మొహం కడుక్కోవడానికి వెళ్లింది.

లిజెల్ మెత్తటి మనిషి. మొక్కలన్నీ చూసి, ఇంత బాగా బతికించిన స్టేషను ఇంకోటి లేదంది. ఆ తరవాత కూర్చుని రిజిస్టరు మొదటి పేజీనుంచీ చదివింది. పురుగు పేజీల దగ్గర కలం ఆపింది. ఊమ్ సాగ్రీస్ మూల కుర్చీలో టోపీ ఒళ్లో పెట్టుకుని, శుభ్రమైన చొక్కా వేసుకుని కూచున్నాడు.

"ఊమ్, మీరు చెప్పేది నేను నమ్ముతాను," అంది లిజెల్. "ఏది ఏ రాతి పక్కదో మీకు తెలుసు. కాని వీటిని వెనక్కి పెట్టలేం. పైకి కనబడకపోయినా వేళ్లలో పురుగు గుడ్లు ఉండొచ్చు. ఒక్కటి చాలు, అక్కడ మిగిలినవాటికి అంటుకోడానికి. ఇవి మా అద్దాలింట్లోనే ఉండాలి."

"ఎన్నాళ్లు?"

"ఎప్పటికీ అనుకోండి."

మీతా ముక్కు చీదింది. ముసలాయన టోపీ అంచు వేళ్లతో తిప్పుతూ కూర్చున్నాడు. లిజెల్ పెట్టెలు తేవడానికి కారు దగ్గరికి వెళ్లాక ఖంగెల్వావైపు తిరిగాడు.

"ఆ కాగితాలు నీ చేతిలోనే ఉన్నాయి. చింపెయ్యలేదేం?"

"చింపబోయాను ఊమ్."

"మరి?"

"మీరే చెప్పారుగా, ఆ కొండమీద ఆ పురుగు లేదని."

ఆయన తలూపాడు. "గజ్జి పట్టిన మేకను మందలో కలపం. ఎంత ముద్దుగా పెంచినదైనా, వేరే కట్టేస్తాం. రాత్రంతా అరుస్తుంది. అయినా కలపం." లేచి, కర్ర అందుకుని, రెండడుగులు వేసి ఆగాడు. "అవి పోలేవు. నేను పోగలనేమో చూస్తావా?"

తాళంచెవి కోసం ఆ భూమి యజమానికి ఖంగెల్వాయే ఫోను చేసింది. ఆయన కాదనలేదు. సెలవురోజున తన సొంత కార్లో ముసలాయన్ని ఎక్కించుకుంది. గేటు దాటాక దారి లేదు. రాళ్లలో కారు ఆపి, చివరి అరమైలు ఆయన్ని భుజం మీద ఆనించుకుని నడిపించింది. మూడుచోట్ల కూర్చోబెట్టింది.

తెల్లగుట్ట దూరంనుంచి పాలు ఒలికినట్టుంది. దగ్గరికి వెళ్లాక గుంటలు కనబడ్డాయి. స్క్రూడ్రైవరుతో పెకలించిన గుంటలు, ఒకదాని పక్కన ఒకటి, పన్ను పీకిన చిగుళ్లలా. రాళ్లు తిరగబడి ఉన్నాయి. ఆ ఇద్దరు తీసింది రెండు వందలే. వాళ్లకు ముందు ఎందరొచ్చారో. ఉత్తరపు వాలంతా బోసిపోయింది. ఒక్క పసుపు పువ్వు లేదు.

ఊమ్ సాగ్రీస్ నిలబడి చూశాడు. గాలికి ఆయన చొక్కా రెపరెపలాడుతోంది. తిరిగి వెళ్లిపోదామా అని ఖంగెల్వా అనబోతుండగా, "ఆ పెద్దరాయి దగ్గరికి పద," అన్నాడు.

గుట్ట వెనక రెండుగా పగిలిన బండ ఒకటుంది. ఆయన కర్ర పక్కన పడేసి, మోకాళ్ల మీద వంగలేక, పొట్టమీద బోర్లా పడుకున్నాడు. పగులులోకి మొహం పెట్టాడు. "దా, చూడు."

ఆమె కూడా పక్కన పడుకుని చూసింది. చెయ్యి దూరనంత సన్నటి పగులు. లోపల, మూరెడు లోతున, పదో పన్నెండో కాలివేళ్లు. గులాబీ పూలు. ఎండ అంతదాకా ఎలా వెళుతోందో తెలియదు.

"చిన్నప్పుడు నా చెయ్యి పట్టేది," అన్నాడు ముసలాయన.

ఆ తరవాత ఆయన తన భాషలో మాట్లాడటం మొదలుపెట్టాడు. ఒకటీ రెండూ కాదు, ఏకధాటిగా, నవ్వుతూ, ఏదో కసురుతూ, ఎవరెవరి పేర్లో తలుస్తూ. నాలుక చప్పుళ్లు బండలోపలికి వెళ్లి తిరిగి వినబడుతున్నాయి. ఖంగెల్వా మెల్లిగా లేచి దూరంగా వెళ్లి కూర్చుంది. ఆమెకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. అయినా తనను ఎవరో ఇంటికి పిలుస్తున్నట్టే ఉంది. కూతురు నేర్చుకున్న మొదటి చప్పుడు మాట ఏమిటో గుర్తు తెచ్చుకోబోయింది, గుర్తు రాలేదు. ఆ మాట అన్ననాడు తను అక్కడ లేదు మరి.

నీడలు పొడుగయ్యాక ఆయన్ని లేవదీసింది. చొక్కా నిండా తెల్ల గుండ.

"దులపనా ఊమ్?"

"ఉండనీ," అన్నాడు.

సెప్టెంబరులో, నాలుగో అర్జీకి, ఆమె బదిలీ కాగితం వచ్చింది. మీతా గట్టిగా ఏడ్చి, మరుక్షణమే "పోయి నీ పిల్లకి గుడ్డు తినిపించుకో," అని తిట్టింది. ఊమ్ సాగ్రీస్ ఆమె బయల్దేరేనాడు రాలేదు. ముందురోజే స్టేషనుకు వచ్చి, ఖాళీ గదిలో కాసేపు కూర్చుని, ఆమె రెండు చేతులూ పట్టుకుని వెళ్లిపోయాడు.

లుసికిసికిలో యోండెలా ఆమె భుజందాకా ఎదిగి ఉంది. మొదట్లో ఏది కావాలన్నా పెద్దమ్మనే అడిగేది. రాత్రి నిద్రలో మాత్రం తల్లివైపు తిరిగి పడుకునేది. ఖంగెల్వా తొందరపడలేదు. అడిగినప్పుడే చెప్పింది, పిలిచినప్పుడే పక్కన కూర్చుంది. వీధిలోవాళ్లు, కిటికీలో పెట్టుకున్న దళసరాకుల మొక్కలు పాడైతే ఆమెకు చూపించేవారు. ఆమె ఆకు నొక్కి, వేరు చూసి, నీళ్లు మానమని చెప్పేది. ఎవరూ మానేవారు కాదు.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం, వారం రోజులుగా విడవని వానలో, మీతా ఫోను చేసింది. మామ పక్కనే ఉన్నాడనీ, మాట్లాడతాడనీ చెప్పింది.

"తల్లీ," అంది అవతలి గొంతు, మునుపటికన్నా సన్నగా. "ఇక్కడ మే తరవాత చుక్క పడలేదు. తోట అమ్మాయికి ఫోను చేశావా? ఎలా ఉన్నాయట?"

"నిద్రపోతున్నాయట ఊమ్. నీళ్లు పొయ్యడం లేదంట."

"మంచిది." కాసేపు ఊపిరి వినబడింది. "ఆ వెనకాల గోలేమిటి?"

"వాన."

"అంతానా?"

"వారంనుంచీ."

"ఒకసారి ఫోను బయట పెట్టు. వింటాను."

ఖంగెల్వా తలుపు తీసి, గుమ్మంలో నిలబడి, ఫోనును వానలోకి చాపింది. ఎదుట కొండ కనబడటం లేదు. రేకులమీద, అరటాకులమీద, బురదలో, ఒక్కోచోట ఒక్కో చప్పుడు. మణికట్టు మీదుగా నీళ్లు మోచేతిలోకి జారుతున్నాయి. వెనకనుంచి యోండెలా వచ్చి, "ఎవరమ్మా?" అంది. ఆమె పెదవిమీద వేలు పెట్టి కూతుర్ని పక్కకి లాక్కుంది. ఫోను అవతల ఆయన ఇంకా ఉన్నాడో లేదో తెలియదు. చెయ్యి లాగుతున్నా, ఆమె దాన్ని అలాగే పట్టుకుని నిలబడింది.